హిప్పోలాయిస్ రామా, ఇడూనా రామా: ఇవి రెండు పిట్టలా, ఒకటేనా?

ముళ్లకంప:

అందరికీ నమస్కారం. మరీ తెలియనితనంగా అడుగుతున్నానేమో, నవ్వకండి. చూసిన పిట్టలన్నీ నోటుపుస్తకంలో రాసుకోవడం నాకు ఏళ్లుగా అలవాటు, ఈమధ్య వాటన్నిటినీ ఎక్సెల్‌లోకి ఎక్కిద్దామని కూర్చున్నా. మొత్తం 187 జాతులు తేలాయి. భలే అనుకుని శాస్త్రీయ నామాల ప్రకారం వరసలో సర్దితే, మూడు చోట్ల 'రామా' అనే మాట తగిలింది. ఒక వరసలో హిప్పోలాయిస్ రామా, ఇంకాస్త కింద ఇడూనా రామా, అన్నిటికన్నా పాత పేజీ నుంచి ఎక్కించినదాంట్లో హిప్పోలాయిస్ కాలిగాటా రామా అని మూడు ముక్కల పేరు. ఇంగ్లిషు పేరు కాలమ్‌లో చూస్తే ఒకదానికి బూటెడ్ వార్బ్లర్, ఒకదానికి సైక్స్ వార్బ్లర్, మూడోది ఖాళీ.

మూడింటికీ ఫొటోలున్నాయి. మూడూ తుమ్మకంపలో తీసినవే. చిన్న పిట్ట, పైన మట్టిరంగు, కింద మాసిన తెలుపు, కంటిమీద సన్నగా లేత గీత, అంతకుమించి చెప్పుకోడానికి ఏమీ లేదు, దుమ్ము పడితే కనబడదు అన్నట్టు ఉంటుంది. నాకైతే మూడూ ఒకటే అనిపిస్తోంది. అలాంటప్పుడు ఇన్ని పేర్లు ఎందుకొచ్చాయి? ఎవరు మార్చారు? ఒక సైటులో పేరు తర్వాత సైక్స్, 1832 అని బ్రాకెట్లో రాశారు, వేరే పిట్టకి అదే చోట బ్రాకెట్ లేదు, అది ప్రింటు తప్పా లేక దానికేమైనా అర్థం ఉందా? ఇంకోటి, ఈ రామా అంటే మన రాముడేనా, లేక నేనే ఎక్కువ ఊహించుకుంటున్నానా?

డేగకన్ను:

మూడూ ఒకటే పిట్ట బ్రో. ఇప్పుడు వాడేది ఇడూనా రామా, మిగతావి పాత పేర్లు. రెండు వరసలు డిలీట్ కొట్టేయ్, నీ లెక్క 185. ఇలా డబుల్ అయినవి ఇంకా ఉంటాయి, సిల్వియా కుర్రుకా, కుర్రుకా కుర్రుకా రెండూ ఉన్నాయేమో చూస్కో, అదీ ఒకే పిట్ట.

రామా అంటే రాముడు కాకపోవచ్చు, లాటిన్‌లో రామస్ అంటే కొమ్మ. కొమ్మల్లో తిరిగేది అని పెట్టుంటారు.

పాతరెక్క:

డేగకన్ను గారు లెక్క సరిగానే చెప్పారు, కొమ్మ సంగతి మాత్రం కాదండి. రాముడే. దాని కథ చెప్తే మిగతా ప్రశ్నలకి కూడా దారి దొరుకుతుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతా, కొంచెం పొడుగవుతుంది.

విలియం హెన్రీ సైక్స్ అని బొంబాయి సైన్యంలో ఒక అధికారి. దక్కన్ ప్రాంతమంతా తిరిగి జనాభా, పంటలు, వాతావరణం లెక్కలు రాసే పని అప్పజెప్పారు, ఆ తిరుగుడులోనే పిట్టల్నీ చేపల్నీ పోగేశాడు. 1832లో లండన్ జువలాజికల్ సొసైటీ పత్రికలో దక్కన్ పక్షుల జాబితా అచ్చేయించాడు. అందులో ఈ మట్టిరంగు పిట్టకి పెట్టిన పేరు సిల్వియా రామా. అదే జాబితాలో ఒక భరతపక్షికి దేవా అని పెట్టాడు, ఇప్పుడు దాన్ని గాలెరిడా దేవా అంటున్నాం. ఒకే కాగితంలో దేవా, రామా రెండూ ఉంటే కొమ్మ అని ఎలా అనుకుంటాం? ఇంకో భరతపక్షికి దుఖునెన్సిస్ అని పెట్టాడు. మన కంటికి అది దుఃఖంలా కనిపిస్తుంది గానీ దుఖున్ అంటే దక్కన్, అప్పటి ఇంగ్లిషు వాళ్ల స్పెల్లింగ్ అలా ఏడిసింది. దాన్ని ఇప్పుడు దిద్దడానికి కూడా లేదు. మొదట అచ్చయిన స్పెల్లింగే చెల్లుతుంది, అచ్చుతప్పు అని ఆ కాగితంలోనే తేలితే తప్ప. అందుకే ఆ పిట్టకి 'దుఃఖం' శాశ్వతం.

ఇక సిల్వియా సంగతి. ఆ రోజుల్లో సిల్వియా అంటే ఒక పెద్ద గంప. సన్న ముక్కుతో పురుగులు ఏరుకుతినే చిన్న పిట్ట ఏది దొరికినా అందులో పడేసేవాళ్లు. అంతకుముందు అయితే మోటాసిల్లాలో వేసేవాళ్లు, అంటే ఇవాళ తోకాడించే జిట్టంగిపిట్టలు ఉన్న ప్రజాతిలో (దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు, పేరులో మొదటి ముక్క దానిదే). తర్వాత ముక్కు ఆకారం, రెక్క ఈకల పొడవులు, కాలి పొలుసులు అన్నీ కొలిచి వీటిని విడదీశారు, మన పిట్ట హిప్పోలాయిస్ అనే ప్రజాతికి మారింది, చాలాకాలం అక్కడే ఉంది. మీ పాత పుస్తకాల్లో ఉన్నది అదే.

2000 తర్వాత డీఎన్‌ఏ పరీక్షలు వచ్చాక గంపే తిరగబడింది. వార్బ్లర్లన్నీ ఒకే కుటుంబం అని 'సిల్వియిడే' పేరుతో నడిపించాం కదా, అందులో చాలా వాటికి ఒకదానితో ఒకటికి దగ్గరి చుట్టరికమే లేదని తేలింది. నిజమైన సిల్వియాలు మిగతా వార్బ్లర్ల కన్నా బాబ్లర్లకి, అంటే గుంపులుగా గోల చేస్తూ తిరిగే పిట్టలకి, దగ్గరట, వినగానే నేను కూడా నమ్మలేదు. 2006లో వచ్చిన పరిశోధనతో రెల్లులో తిరిగేవాటికీ వాటి దగ్గరి చుట్టాలకీ అక్రోసెఫాలిడే అని వేరే కుటుంబం పెట్టారు, ఆకుల్లో తిరిగే పచ్చపచ్చనివాటికి ఫిల్లోస్కోపిడే. 2009లో ఇంకా లోపలికి వెళ్లి చూస్తే హిప్పోలాయిస్ కూడా రెండు వేరు వేరు గుంపుల అతుకు అని బయటపడింది. పెద్దవి ఒక వైపు, మన రామా, దాని చుట్టాలు ఇంకో వైపు. ఈ రెండో గుంపుకి కొత్త పేరు కావాలి, అయితే కొత్తగా పెట్టక్కర్లేకపోయింది, 1840లోనే కైజర్లింగ్, బ్లాసియస్ అని ఇద్దరు ఇడూనా అనే ప్రజాతి పేరు పెట్టి ఉన్నారు, ఇన్నాళ్లూ ఎవరూ వాడకుండా మూలన పడుంది. దాన్ని దుమ్ము దులిపి తెచ్చారు. తమాషా ఏంటంటే ఆఫ్రికాలో ఉండే పసుపుపచ్చ పిట్టలు రెండు, అప్పటిదాకా క్లోరోపెటా అని వేరే ప్రజాతిలో ఉన్నవి, ఇవి కూడా మీ వాళ్లేనండీ అంటూ ఇందులోకి వచ్చేశాయి.

ఇడూనా అంటే ఉత్తర ఐరోపా పురాణాల్లో ఒక దేవత పేరు, దేవతలు ముసలివాళ్లు కాకుండా ఉంచే ఆపిల్ పళ్లు ఆవిడ దగ్గరే ఉంటాయి. ఎక్కడి దేవత, ఎక్కడి రాముడు, పది గ్రాముల పిట్ట మీద ఇద్దరూ కలిశారు.

బ్రాకెట్ ప్రింటు తప్పు కాదు. సైక్స్ పేరు పెట్టినప్పుడు ప్రజాతి సిల్వియా, ఇప్పుడు ఇడూనా, అంటే పెట్టిన ఇంట్లో లేదు, ఇల్లు మారింది అని చెప్పడానికే ఆయన పేరు, సంవత్సరం బ్రాకెట్లో వేస్తారు. బ్రాకెట్ లేనిది బ్లైత్ రీడ్ వార్బ్లర్ అయి ఉంటుంది మీరు చూసింది. అది అక్రోసెఫాలస్ డ్యుమెటోరమ్ బ్లైత్, 1849. పెట్టిననాడూ అక్రోసెఫాలసే, ఇవాళా అదే, కాబట్టి బ్రాకెట్ అక్కర్లేదు. డ్యుమెటోరమ్ అంటే ముళ్లపొదలది అని. పాత ఇంగ్లిషు పక్షి పుస్తకాల్లో దీనికి తెలుగు పేరు కంపజిట్ట అని రాశారు. లాటిన్‌లో పేరు పెట్టినవాడూ కంప చూసే పెట్టాడు, మనవాళ్లూ కంప చూసే పిలిచారు.

ఒక్క మాటలో, పేరులో మొదటి ముక్క ఎవరికి ఎవరు చుట్టం అన్నదాని మీద ఇవాళ్టి అభిప్రాయం, అది మారుతుంది. రెండో ముక్క ఆ పిట్టది, అది మారదు. ఎక్సెల్‌లో ఎప్పుడైనా రెండో ముక్క మీద సార్ట్ చేసి చూడండి, డబుల్స్ అన్నీ పక్కపక్కకి వచ్చేస్తాయి.

డేగకన్ను:

కొమ్మ విరిగింది 😄 దేవా సంగతి తెలీదు నాకు, థాంక్స్.

ముళ్లకంప:

పాతరెక్క గారూ, ఇంత ఓపికగా రాసినందుకు చాలా థాంక్స్ అండీ. రెండో ముక్క మీద సార్ట్ చేశా, ఇంకో నాలుగు డబుల్స్ దొరికాయి, ఏడుపొక్కటే తక్కువ. కానీ ఒకటి ఇంకా అర్థం కాలేదు. మూడు ముక్కల పేరు సంగతేంటి? రెండో ముక్క పిట్టది, మారదు అన్నారు, మరి అక్కడ రెండో ముక్క కాలిగాటా కదా, రామా మూడోది అయిపోయింది. పైగా ఆ ఎంట్రీకి ఇంగ్లిషులో బూటెడ్ వార్బ్లర్ అని రాసుకున్నా. అది ఇదేనా, వేరేదా?

చిత్తడినేల:

దీనికి నేను చెప్తా, ఈ రెండింటితో చాలా చలికాలాలు కుస్తీ పట్టా.

కాలిగాటా, రామా ఇప్పుడు రెండు వేరు జాతులు. బూటెడ్ అంటే ఇడూనా కాలిగాటా, సైక్స్ అంటే ఇడూనా రామా. ఇదివరకు రెండింటినీ ఒకే జాతి అని, రామా దాంట్లో ఉపజాతి అని లెక్కేశారు. ఒకే జాతి అన్నప్పుడు మొత్తానికి ఏ పేరు నిలబడాలి అంటే ముందు అచ్చయిన పేరు. కాలిగాటా పేరు లిచ్టెన్‌స్టైన్ 1823లో పెట్టాడు, రష్యా దక్షిణాన ఇలెక్ నది దగ్గర దొరికిన పిట్టకి, మోటాసిల్లా కాలిగాటా అని. సైక్స్ కాగితం దానికన్నా తొమ్మిదేళ్లు ఆలస్యం. అందుకని జాతి పేరుగా కాలిగాటా నిలబడి రామా మూడో స్థానానికి జరిగింది. మళ్లీ విడదీయగానే రామా తన రెండో స్థానానికి తిరిగొచ్చింది. రామా అనే మాట మాత్రం ఎక్కడికీ పోలేదు, అదే సైక్స్ పేరు, అదే 1832.

విడదీయడానికి కారణాలు చాలానే ఉన్నాయి. గుడ్లు పెట్టే చోటు వేరు, బూటెడ్ రష్యా, కజకిస్తాన్ గడ్డిమైదానాల్లో మోకాలెత్తు పొదల్లో పెడుతుంది, సైక్స్ ఇంకా దక్షిణంగా తుర్క్‌మెనిస్తాన్, ఇరాన్, అఫ్గానిస్తాన్ వైపు ఎడారి పొదల్లో. కజకిస్తాన్‌లో రెండింటి హద్దులూ ఒకచోట కలుస్తాయి, అక్కడ కూడా దేనికది విడిగానే ఉంటాయి. పాటలు వేరు. డీఎన్‌ఏ తేడా కూడా ఉపజాతుల మధ్య ఉండేంత చిన్నది కాదు. చలికాలంలో మాత్రం రెండూ భారత ఉపఖండానికే దిగుతాయి, అప్పుడు పాడవు, ఉత్త చెక్ చెక్ అనుకుంటూ కంపలో దూరుతుంటాయి, అది రెండింటిదీ ఒకలాగే వినిపిస్తుంది. మన ఖర్మ.

ఫొటోలో చూడాల్సింది ముందు ముక్కు. సైక్స్‌ది పొడుగు, కింది ముక్కు దాదాపు అంతా లేత రంగు. బూటెడ్‌ది పొట్టి, సన్నం, కింది ముక్కు కొస దగ్గర నల్లగా మసి అంటినట్టు ఉంటుంది. తర్వాత కనుబొమ్మ గీత. బూటెడ్‌కి అది కంటి వెనక దాకా సాగుతుంది, దాని పైన ఒక ముదురు అంచు కూడా కనబడొచ్చు, దాంతో ముఖం ఆకుపిట్టల ముఖంలా అనిపిస్తుంది. సైక్స్‌కి గీత కన్ను దాటగానే ఆగిపోతుంది, ముఖం వెలవెలబోయినట్టు ఉంటుంది. తోక సైక్స్‌కి పొడుగు. రంగు బూటెడ్‌కి కాస్త గోధుమ వెచ్చదనం, సైక్స్ బూడిద వైపు, కానీ రంగుని నమ్మకండి, సాయంత్రం ఎండలో అన్నీ గోధుమే. చెట్టు పైకొమ్మల్లో ఉంటే సైక్స్ అనీ కిందపొదలో ఉంటే బూటెడ్ అనీ చెప్తుంటారు, అదీ మొగ్గు మాత్రమే, నేను రెండింటినీ ఒకే తుమ్మచెట్టులో చూశా.

ఒకవేళ తోక కొస గుండ్రంగా, తోక కింది ఈకలు పొడుగ్గా కనిపిస్తే అది ఈ రెండూ కాదు, పాతరెక్క గారి కంపజిట్ట. ఈ రెండింటికీ తోక చివర చదునుగా కోసినట్టు, అంచులు తెల్లగా ఉంటాయి.

ఇక మీ పాత ఎంట్రీ. నిజం చెప్పాలంటే మీ మూడింట్లో ఆ మూడు ముక్కల పేరే అన్నిటికన్నా పనికొచ్చేది. ఉపజాతితో సహా రాశారు కాబట్టి విడదీశాక కూడా అది రామానే అని తేలిపోతుంది. ఉత్త బూటెడ్ వార్బ్లర్ అని రాసుంటే, ఆ కాలంలో బూటెడ్ అంటే రెండూ కలిపి కాబట్టి, ఇవాళ ఏది అని ఎవరూ చెప్పలేరు. అలా తేలని పాత రికార్డులు చాలా ఉన్నాయి. మీరు అప్పట్లో ఫొటో చూసి రాశారా, పుస్తకం చూసి ఊరికే కాపీ కొట్టారా అన్నది మాత్రం మీకే తెలియాలి.

రోజూ_సైకిల్:

క్షమించాలి, నాకు ఇదంతా కొంచెం విసుగ్గానే ఉంటుంది. పేరంటే ఒకటుండాలి. రెండేళ్లకోసారి పిట్టల లెక్క రాసుకునే యాప్ అప్‌డేట్ అయ్యి నేర్చుకున్న పేరు ఎగిరిపోతుంటే ఎందుకీ శాస్త్రీయ నామం? దీనికన్నా సైక్స్ వార్బ్లర్ అనుకుంటే హాయి. ఈ లిస్టులు కూడా ఒకదానికొకటి పడవు, ఒకళ్లు రెండు జాతులంటారు, ఇంకొకళ్లు ఒకటే అంటారు.

పాతరెక్క:

విసుగు న్యాయమైనదే, నాకూ వస్తుంది. కానీ ఇంగ్లిషు పేరు స్థిరం అనుకోవడం భ్రమండి. పైన చిత్తడినేల గారు చెప్పిన బూటెడ్ సంగతే చూడండి, మాట మారలేదు, దాని అర్థం సగానికి తగ్గింది, ఎవరికీ చెప్పకుండా. శాస్త్రీయ నామం మారితే కనీసం మారిందని కంటికి తెలుస్తుంది, ఆ బ్రాకెట్ కూడా అందుకే. పైగా ఇంగ్లిషులో మనుషుల పేర్లున్న పిట్టల పేర్లు మారుస్తామని అమెరికా పక్షి శాస్త్ర సంఘం 2023లో చెప్పింది, వాళ్ల పరిధిలో ఉన్న పిట్టల వరకు. సైక్స్ వార్బ్లర్ వాళ్ల జోలికి రాదు గానీ రేపు ఇంకెక్కడైనా అలాంటి ఆలోచన వస్తే ఇంగ్లిషు పేరు పోతుంది, రామా పోదు.

లిస్టులు పడకపోవడానికి కారణం ఉంది. పేర్ల నియమావళి ఒకటి ఉంది, ఏ పేరు ముందు వచ్చింది, ఏది చెల్లుతుంది అనేవరకే దాని పని. ఇది జాతా, ఉపజాతా అన్న తీర్పు ఇచ్చే కోర్టు ప్రపంచంలో ఎక్కడా లేదు. ఆధారాలు చూసి ఒక్కో కమిటీ ఒక్కోలా నిర్ణయిస్తుంది. ఇన్నాళ్లూ మూడు నాలుగు ప్రపంచ జాబితాలు ఎవరి దారిన వాళ్లు నడిచి, 2025లో ఏవిలిస్ట్ అని అందరూ కలిసి ఒకటి తెచ్చారు, అందులో 11,131 జాతులు. కొట్లాట ఆగుతుందని కాదు, కనీసం ఒకే బల్ల దగ్గర కూర్చుని కొట్లాడుకుంటారు.

అటకమీది_పెట్టె:

ఆలస్యంగా చూశా ఈ థ్రెడ్. పాతరెక్క గారూ, అంతా బాగా చెప్పారు, కానీ "రెండో ముక్క మారదు" అన్నారే, అక్కడ ఒక చిన్న అడ్డుపుల్ల. మారిన కేసు ఉంది, అదీ మన కంపజిట్ట దాయాదిదే.

1867లో హ్యూమ్ (అవును, కాంగ్రెస్ పెట్టిన ఆ హ్యూమే) హిమాచల్ వైపు సట్లెజ్ లోయలో రాంపూర్ దగ్గర ఒక వార్బ్లర్‌ని పట్టాడు. ఒక్కటంటే ఒక్కటే. ముక్కు పెద్దగా ఉందని మాక్రోరింకా అని పేరు పెట్టాడు, 1869లో. ముందు ఫిల్లోప్న్యూస్టే అనే ఆకుపిట్టల ప్రజాతిలో వేసి, రెండేళ్లకి 1871లో తనే మనసు మార్చుకుని అక్రోసెఫాలస్‌లోకి మార్చాడు. అక్రోసెఫాలస్ పుంలింగం కాబట్టి మాక్రోరింకా కాస్తా మాక్రోరింకస్ అయింది. ఇది రెండో ముక్కకి మొదటి మార్పు, విశేషణమైతే ప్రజాతి లింగాన్ని బట్టి చివర మారాలి. రామా నామవాచకం కాబట్టి ఎక్కడికెళ్లినా రామానే, కాలిగాటాని మాత్రం పుంలింగ ప్రజాతిలో వేస్తే కాలిగాటస్ అయిపోతుంది. బూట్లు తొడుక్కున్నది అని దానర్థం, రోము చక్రవర్తి కాలిగ్యులా పేరు కూడా ఆ బూట్ల మాటలోంచే వచ్చింది.

రెండో మార్పు అసలైనది. ఆ మాక్రోరింకస్ అనే పేరు అంతకుముందే ఇంకో రెల్లుపిట్టకి ఎవరో పెట్టేశారు. ఒకే గుంపులో ఒకే పేరు ఇద్దరికి ఉండకూడదు, వెనక వచ్చినది వదులుకోవాలి. అందుకని 1905లో ఓబర్‌హోల్సర్ అనే అమెరికన్ దానికి బదులుగా ఓరినస్ అని పెట్టాడు, కొండలది అని అర్థం. ఇలా చెల్లని పేరుకి బదులు పేరు వచ్చినప్పుడు రెండో ముక్క పూర్తిగా మారిపోతుంది. ఇప్పుడు అది అక్రోసెఫాలస్ ఓరినస్ ఓబర్‌హోల్సర్, 1905. హ్యూమ్ పేరు ఎక్కడా కనబడదు పాపం, పట్టిందీ వర్ణించిందీ ఆయనే.

కానీ పేరు పోయినా పిట్ట పోలేదు, ఎందుకంటే పేరు ఏ నమూనా మీద పెట్టారో ఆ నమూనాకే కట్టుబడి ఉంటుంది. హ్యూమ్ పిట్ట ఇంగ్లండులో మ్యూజియం సొరుగులో అలాగే పడుంది. వందేళ్లకి పైగా దాన్ని ఎవరూ నమ్మలేదు, ఏదో పెద్ద ముక్కున్న వేరే జాతి పిట్ట అనుకున్నారు. 2002లో దాని డీఎన్‌ఏ తీసి చూస్తే నిజంగానే వేరే జాతి అని తేలింది. అప్పటికి లోకంలో ఆ జాతికి ఉన్న సాక్ష్యం ఆ ఒక్క ఎండిన శరీరం.

ఇక్కడి నుంచి సినిమా. 2006 మార్చి 27న థాయ్‌లాండ్‌లో లేమ్ ఫక్ బియా అనే చోట పిట్టల కాళ్లకి రింగులు వేస్తుంటే వలలో ఒక వింత రెల్లుపిట్ట పడింది. కొలిచి, ఫొటోలు తీసి, రెండు ఈకలు పీకి వదిలేశారు. ఆ ఈకల డీఎన్‌ఏ హ్యూమ్ పిట్టతో సరిపోయింది. 139 ఏళ్ల తర్వాత బతికున్న రెండో సాక్ష్యం. ఆ తర్వాత మ్యూజియం వాళ్లు సొరుగులు తిరగేస్తే బ్లైత్ రీడ్ వార్బ్లర్ అని చీటీ కట్టి ఉన్నవాటిలో 1869లో పట్టిన ఇంకో ఓరినస్ దొరికింది, ఆ పైన ఇంకొన్ని. అప్పటిదాకా రోజూ ఎవరో ఒకరు ఆ సొరుగు తెరిచి మూస్తూనే ఉండుంటారు. చివరికి అఫ్గానిస్తాన్‌లో వాఖాన్ లోయలో అవి గుంపుగా కాపురం ఉంటున్న చోటు కూడా కనుక్కున్నారు.

పాతరెక్క:

అడ్డుపుల్ల ఒప్పుకుంటున్నా, తొందర్లో మారదు అనేశా. సరిచేసుకుంటా: పేరు ఏ నమూనాకి కట్టారో ఆ ముడి మారదు. లింగాన్ని బట్టి చివర మారొచ్చు, పేరు ముందే ఇంకొకరికి ఉంటే మొత్తం మారొచ్చు. ముళ్లకంప గారూ, రెండో ముక్క మీద సార్ట్ చేసేటప్పుడు చివరి అక్షరాలు తేడా ఉన్నవి కూడా ఓ కన్నేయండి, 'స్'తో అయ్యేవీ 'ఆ'తో అయ్యేవీ దూరంగా పడతాయి.

రోజూ_సైకిల్:

ఆ థాయ్‌లాండ్ సంగతి బాగుంది, ఒప్పుకుంటున్నా. విసుగు వెనక్కి తీసుకోను కానీ.

ముళ్లకంప:

రాత్రంతా ఇదే పని. చిత్తడినేల గారు చెప్పినట్టు ముక్కు దగ్గర జూమ్ చేసి చూశా. హిప్పోలాయిస్ రామా అని రాసుకున్న ఫొటోలో కింది ముక్కు కొస దాకా లేతగానే ఉంది, గీత కంటి దగ్గరే ఆగిపోయింది, తోక పొడుగు, సైక్స్ అని ధైర్యంగా అనుకుంటున్నా. మూడు ముక్కల పేరుది ఇంకా పాతది, ఫొటో అంత స్పష్టంగా లేదు, ముక్కు మాత్రం పొడుగే. పేరు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా గుర్తొచ్చింది, పక్కనున్న పెద్దాయన చెప్తే రాసుకున్నా, ఆయన ఇలాంటివి ఊరికే అనే రకం కాదు.

తిరకాసంతా మూడోదాంట్లోనే వచ్చింది, ఇడూనా రామా అని కొత్త పేరుతో దర్జాగా రాసుకున్నదాంట్లో. ముక్కు పొట్టిగా అనిపిస్తోంది, కొసన ఏదో నల్లగా ఉంది, అది మసో నీడో తెలియట్లేదు. గీత కంటి వెనక్కి వెళ్లినట్టే ఉంది. ఫొటో ఇక్కడ పెడుతున్నా, ఎవరైనా చూసి చెప్పండి.

చిత్తడినేల:

చూశా. ముఖం బూటెడ్ అంటోంది, ఆ నలుపు కూడా నీడలా లేదు. కానీ తల కాస్త అటు తిరిగి ఉంది, ముక్కు పొడవు నమ్మలేం. తోక చూస్తే చెప్పేవాణ్ణి, తోక మీద ఆకు అడ్డమొచ్చింది. ఇదే వరసలో ఇంకో ఫొటో లేదా?

ముళ్లకంప:

లేదండి, ఆ ఒక్కటే. తర్వాతి క్లిక్‌కి ఉత్త కొమ్మ వచ్చింది.

చిత్తడినేల:

అయితే యాప్‌లో బూటెడ్/సైక్స్ అని గీత పెట్టిన ఆప్షన్ ఉంటుంది, అందులో వేయండి. జాతుల లెక్కలో అది కలవదు, అదొక్కటే బాధ. చలికాలం మళ్లీ వస్తుంది, అదే తుమ్మచెట్టు దగ్గర కాపు కాయండి, ఈసారి తోక కూడా పడేలా.

డేగకన్ను:

ఆ ఉత్త కొమ్మ ఫొటోకి రామా అని పేరు పెట్టుకో బ్రో, నేను చెప్పిన అర్థం ప్రకారం కరెక్టే 😄